జాలి మీట

ఫిబ్రవరి 9

తరగతికి ఇరవై ఆరు మంది వచ్చారు. ఇద్దరు నాచు కోతకి వెళ్ళారు, ఒకడికి కడుపు బాగాలేదు. మేడమ్ చెవికి పట్టిన ఉప్పుని తడిగుడ్డతో తుడిచాను. కరెంటిచ్చే ఎండపలకల మీద సముద్రపు పిట్టలు చేసిన పాడు పనంతా కడిగాను. ఊడ్చే పని దగ్గర్నించి హెడ్మాస్టరు పని దాకా ఇక్కడ అన్నీ నావే.

ఈ రిజిస్టరు ఎప్పుడైనా పైవాళ్ళెవరైనా చదువుతారేమో, వాళ్ళ కోసం ఒక ముక్క. మేడమ్ మనిషి కాదు, ఇంగ్లీషు నేర్పే యంత్రం. నాచు కంపెనీ నీళ్ళ మీద తేలే మా నలభై రెండు పంట్లనీ గొలుసులతో కలిపి కట్టి, మమ్మల్ని నడిసముద్రంలో కాపురం పెట్టించినప్పుడు దీన్ని కూడా ఇచ్చింది. పరీక్ష పాసైనవాళ్ళని గట్టు మీద ఉద్యోగాలకి తీసుకెళ్తామన్నారు. కంపెనీ ఓడ కనబడి ఇరవై రెండేళ్ళయింది. చుట్టుపక్కల పంట్లవాళ్ళు అప్పుడప్పుడు వచ్చి బియ్యం ఇచ్చి నాచు పట్టుకెళ్తారు, వాళ్ళదీ తెలుగే. ఇంగ్లీషుతో ఎవరికీ పని పడలేదు. అయినా పరీక్ష ఏటా జరుగుతూనే ఉంది. ఫలితాల రోజున పాసైనవాళ్ళ పట్టాలు తెరచాప కొయ్యకి కట్టి డప్పు కొట్టిస్తాం. మొదలుపెట్టింది మానుకోవడం మాకు చాతకాదు.

ఇంత కాలానికి ఇంగ్లీషుతో పని పడింది. మధ్యాహ్నం ఒక డ్రోన్ వచ్చి అచ్చు కాగితం పడేసి పోయింది. శుభ్రమైన తెలుగులో ఉంది. వైద్య నౌక మార్చి ఆరున రేడియోలో పిలిచి, మర్నాడు మా దగ్గరగా వస్తుందట. గుండె ఆపరేషన్లు చేస్తారట. ఇటువైపు మళ్ళీ రావడం మూడేళ్ళకి. రోగి తన జబ్బేమిటో, ఆపరేషన్‌లో ప్రాణం పోవచ్చని తనకి తెలుసో లేదో, అయినా ఒప్పుకుంటున్నదో లేదో రేడియోలో తన నోటితోనే ఇంగ్లీషులో డాక్టరుకి చెప్పాలి. మధ్యలో వేరే మనిషి ఉండకూడదు, అనువాద యంత్రం అసలే ఉండకూడదు. ఎక్కడో అలాంటి యంత్రం ఒకటి కాదన్నవాళ్ళని ఔనన్నట్టుగా చెప్పి, వద్దన్నవాళ్ళని కోయించిందట. అప్పట్నించీ ఇదీ నియమం. ఎంపికైతే ఓడ నుంచి పడవ వచ్చి తీసుకెళ్తుంది.

మా చెల్లెలు వీరవేణి కూతురు జలజకి గుండె వాల్వు పాడైంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఒక పంటు మీంచి ఇంకో పంటు మీదికి అడుగేస్తే పెదాలు నీలంగా అయిపోతాయి. ఏడాది గడవడం కష్టమని పక్క పంట్ల కాంపౌండరు చెప్పి నాలుగు నెలలైంది. ఆ జలజకి ఇంగ్లీషులో తొంభై ఎనిమిది మార్కులు. ఇంతవరకు మా దగ్గర అంతకు మించి ఎవరికీ రాలేదు.

వీరవేణి నా చేతులు పట్టుకుని ఏడ్చింది, నా పిల్లని నువ్వే బతికించావంది. నేనూ ఏడ్చాను. ఇన్నేళ్ళు చేసిన చాకిరీ ఒక ప్రాణానికి అక్కరకొచ్చిందని చాలా సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 12

ఓడ దగ్గరపడుతున్నట్టుంది, రేడియోలో దాని గొంతు అందుతోంది. రోజుకి మూడుసార్లు ఒక ఆడమనిషి వాతావరణం చదువుతుంది. రేడియో చూసే బుల్లబ్బాయి నన్నూ జలజనీ పిలిచి వినిపించాడు.

నాకు అంకెలు తెలిశాయి. మిగతాది ఒక్క ముక్క బోధపడలేదు. రేడియో గరగరలాడుతోంది కాబోలు అన్నాను. లేదు, శుభ్రంగానే ఉందన్నాడు. నాకు అరవై ఒకటి, చెవులు మొద్దుబారి ఉంటాయి అనుకున్నాను. జలజ వైపు చూశాను. తను నవ్వుతోంది, ఇది ఏ దేశం భాష అని బుల్లబ్బాయిని అడుగుతోంది.

ఇంగ్లీషే అన్నాడతను. కాగితంలో అలాగే రాశారు కదా అన్నాడు. జలజ నవ్వడం ఆపలేదు.

ఫిబ్రవరి 13

పిల్లలు వెళ్ళాక జలజని కూర్చోబెట్టి, ఊరికే సరదాకి అని చెప్పి పరీక్ష పెట్టాను. ముందుగా జాలి మీటని సున్నాకి తిప్పాను.

మేడమ్ వెనక ఒక మీట ఉంటుంది, సున్నా నుంచి తొమ్మిది దాకా. తప్పుల్ని ఎంతవరకు చూసీ చూడనట్టు పోవాలో దాంతో చెబుతాం. కంపెనీవాళ్ళు దానికేదో పేరు పెట్టారు, మేం జాలి మీట అంటాం. మొదటి ఏడాది అది ఒకటి మీద ఉండేది. ముప్పై ఒక్కమంది రాస్తే నలుగురు పాసయ్యారు. ఫలితాల రోజున ఆ నాలుగు ఇళ్ళవాళ్ళే బయటికొచ్చారు, మిగతా ఇళ్ళు తలుపులేసుకున్నాయి. ఒకాయన పెళ్ళాం పిల్లలతో సహా మూడు రోజులు బయట మొహం చూపించలేదు. ఆ ఇళ్ళ ముందు నుంచి నడిచి వెళ్ళడం నా వల్ల కాలేదు. మరుసటి ఏడు రెండుకి జరిపాను. ఆ తర్వాత మూడు. అప్పటి పెద్దలు నూటికి నూరుమందీ పాసవ్వాలని పట్టుబట్టారు, నేనూ పెద్దగా బెట్టు చెయ్యలేదు. పద్నాలుగేళ్ళుగా అది తొమ్మిది మీదే ఉంది.

యంత్రం బిగించడానికి వచ్చిన కుర్ర ఇంజినీరు వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు. మూడు దాటించకండి టీచరు గారూ, ఇది పాస్ చేసిందల్లా రేపు దీనికి పాఠం అవుతుంది అని. సరేనని తలూపాను. భోజనానికి ఏం పెట్టాలా అని ఆలోచిస్తున్నానప్పుడు.

మీట సున్నా మీద జలజకి తొంభై ఎనిమిది వచ్చాయి. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తొంభై ఎనిమిదే. సగం అయినా తగ్గితే బాగుండునని దేవుళ్ళందరికీ మొక్కాను. తగ్గితే మేడమ్‌కి అసలు ఇంగ్లీషు ఇంకా గుర్తుందని అర్థం. గుర్తులేదు. ఏడాదికి కొంచెం కొంచెంగా పిల్లలు ఆమెని తమ దారికి తెచ్చుకున్నారు, ఆమె పిల్లల్ని తన దారికి తెచ్చుకుంది. రోజూ వింటూ కూర్చున్న నేను కూడా వాళ్ళతోనే కొట్టుకుపోయాను. ఇప్పుడు మీట ఎటు తిప్పినా ఒకటే, కొలిచే బద్దే వంకరపోయింది.

మీటని మళ్ళీ తొమ్మిదికి తిప్పేశాను, ఎవరూ చూడకముందే.

ఫిబ్రవరి 15

ఇరవై తొమ్మిది మందీ వచ్చారు. నాలుగో పంటు అడుగున నీళ్ళు చేరితే పిల్లలతో కలిసి తోడాం. మంచినీళ్ళ వంతు మనిషికి రెండు చెంబులే.

చెప్పలేదు.

ఫిబ్రవరి 17

పంటు పెద్ద మల్లాడి అప్పన్న వచ్చి, జలజని ఓడ ఎక్కించే రోజున డప్పుల వాళ్ళు ఏ పంటు మీద నిలబడాలో నన్నే చెప్పమన్నాడు. ఎక్కడైనా ఫర్వాలేదన్నాను. వీరవేణి కూతురికి కొత్త లంగా ఓణీ కుడుతోంది. ఓడ మీద డాక్టర్ల ముందు చిరుగులతో కనబడకూడదట.

నాకంటే పిరికిది ఈ నలభై రెండు పంట్ల మీద లేదు.

ఫిబ్రవరి 19

చెప్పేశాను. జలజ చివరి పంటు అంచున కూర్చుని నాచు తాళ్ళు కడుగుతోంది, కూర్చుని చేసే పనులే తనకి ఇస్తున్నాం. పక్కన కూర్చుని మీట సంగతి, సున్నా సంగతి, ఇంజినీరు చెప్పిన మాట, అన్నీ వరసగా చెప్పాను. నువ్వు నేర్చుకున్నది ఈ పంట్లు దాటితే ఎవరికీ అర్థం కాదమ్మా అని కూడా చెప్పాను. తను తాడు కడగడం ఆపలేదు. ఆ తాడు పూర్తయ్యాక అడిగింది.

"ఎప్పట్నించి తెలుసు పెద్దమ్మా?"

"పదమూడో తారీకు నించి."

"అయితే ఆరు రోజులు పోయాయన్నమాట."

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత, అమ్మకి చెప్పొద్దు, కుట్టుకుంటోంది కుట్టుకోనీ అంది. ఎక్కడ మొదలుపెడదాం అని అడిగింది.

ఫిబ్రవరి 21

ఇప్పుడు మాకున్న అసలు ఇంగ్లీషు రెండే చోట్ల ఉంది. ఒకటి రేడియోలో వాతావరణం. రోజుకి మూడుసార్లు ఇద్దరం పలకా సుద్దా పట్టుకుని కూర్చుని, ఆ ఆడమనిషి అన్న ప్రతి శబ్దం తెలుగు అక్షరాల్లో రాసుకుంటున్నాం. తర్వాత బయటికొచ్చి గాలి ఎటుందో, అల ఎంత ఎత్తుందో చూసి, ఏ మాటకి ఏ అర్థమో సరిపోల్చుకుంటున్నాం. బుల్లబ్బాయి ఏమీ అడగడం లేదు. అతనికి తెలిసిపోయిందనుకుంటాను.

రెండోది నా బుర్రలో ఉంది. నేను గట్టు మీద ఏడో తరగతి చదివాను. ఇంగ్లీషు మాస్టారు సెలవు చీటీ కంఠతా పెట్టించారు, తప్పితే గోడకుర్చీ వేయించేవారు. అయ్యా, నేను జ్వరంతో బాధపడుతున్నాను, కాబట్టి బడికి రాలేను, దయచేసి రెండు రోజులు సెలవు ఇప్పించవలసినదిగా ప్రార్థన. యాభై ఏళ్ళ కిందటిది, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. మేడమ్ చెయ్యి పడని ఇంగ్లీషు నా దగ్గర అదొక్కటే ఉంది.

దాన్నే జలజకి నేర్పుతున్నాను. జ్వరం అన్నచోట గుండె అని పెట్టాలి. గుండెకి అసలు మాట ఏమిటో ఇద్దరికీ తెలియదు. మేడమ్ చెప్పే మాట ఒకటుంది, అది నిజమో కాదో తేల్చే దిక్కు లేదు.

ఫిబ్రవరి 26

జలజ పాదాలు వాచాయి. రేడియో గది దాకా నడిచి రాలేకపోతోంది, బుల్లబ్బాయి వీపున మోసుకొస్తున్నాడు. అమ్మకి మాత్రం సరదాకి ఎక్కానని చెప్పింది.

వాతావరణంలో ఇప్పుడు ముప్పాతిక వంతు తెలుస్తోంది. గాలి ఎటు తిరుగుతుందో, వాన ఎప్పుడొస్తుందో, అల ఎన్ని మీటర్లో చెప్పగలదు, ఆ ఆడమనిషి గొంతు అచ్చంగా దింపేస్తోంది. ఎంత చురుకైన పిల్లో నాకిప్పుడు మళ్ళీ తెలుస్తోంది. పదిహేనేళ్ళు ఆ చురుకుదనాన్ని నేను ఉప్పునీళ్ళలో పోశాను. ఇవాళ పాఠం అయ్యాక గోడకి ఆనుకుని, ఆయాసం తీరాక అంది:

"గాలికి గుండె నొప్పొత్తే సెప్పగలను పెద్దమ్మా. నాకొత్తేనే సెప్పలేను."

ఇద్దరం నవ్వాం. తర్వాత నేను బయటికెళ్ళి ఏడ్చాను.

మార్చి 3

ఓడ ఇవాళ మా సముద్రాన్ని వదిలేసి ఇంకెక్కడిదో వాతావరణం చదివింది. కొత్త మాటలు పదకొండు, రెండింటికి అర్థం దొరికింది.

బడి పిల్లలు వచ్చి తమని కూడా రేడియో గదికి రానిమ్మన్నారు. మేడమ్ దగ్గరే కూర్చోమని కసిరాను. వాళ్ళు వెళ్ళి బుద్ధిగా మేడమ్ ముందు కూర్చున్నారు. కసరకుండా ఉండాల్సింది. ఎక్కడ కూర్చోమనాలో నాకు తెలిస్తే కదా.

మార్చి 6

ఉదయం పదింటికి పిలుపు వచ్చింది. గదిలో జలజ, బుల్లబ్బాయి, అప్పన్న, వీరవేణి, నేను. జలజ కొత్త ఓణీ వేసుకుంది. డాక్టరు గొంతు పెద్దవయసు మగమనిషిది, తొందర లేని గొంతు. మొదట ఏదో అడిగాడు. పేరు అయి ఉంటుందని జలజ పేరు చెప్పింది, వయసు చెప్పింది. ఆయన సరేనన్నట్టు మాట్లాడాడు. నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత పొడుగ్గా ఒకటి అడిగాడు. జలజ సెలవు చీటీ అప్పజెప్పింది. తడుముకోకుండా, నేను నేర్పినట్టే, అయ్యా అని మొదలుపెట్టి ప్రార్థన దాకా. ఆయన మళ్ళీ అదే అడిగాడు, ఈసారి మాటకీ మాటకీ మధ్య ఆగుతూ. జలజ నా వైపు చూసింది. నేనేం చేస్తాను. మధ్యలో వేరే మనిషి ఉండకూడదన్నారు, ఉండొచ్చన్నా నా దగ్గర ఏముంది. జలజ మళ్ళీ సెలవు చీటీయే చెప్పింది, గుండె అన్నచోట చెయ్యి గుండె మీద పెట్టుకుని. రేడియోకి చెయ్యి కనబడదు.

మూడోసారి అడిగాడు. అప్పుడు జలజ ఆ చీటీ వదిలేసి తనకి వచ్చిన ఇంగ్లీషులోకి దిగిపోయింది, మా మేడమ్ ఇంగ్లీషులోకి. ఏ మెట్టు దగ్గర ఊపిరి ఆగిపోతుందో, పడుకుంటే గుండెలో ఏమవుతుందో, చావంటే ఎంత భయమో, ఆపరేషన్‌లో పోవచ్చని తెలుసని, తెలిసే ఒప్పుకుంటున్నానని, అమ్మకి తనొక్కతేనని, అంతా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. నాకు ప్రతి మాటా అర్థమైంది. గదిలో అందరికీ అర్థమైంది, అప్పన్న కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎవరూ అంత బాగా మాట్లాడగా నేను వినలేదు. అవతల వింటున్నవాడికి మాత్రం అది సముద్రపు హోరే.

ఆయన చివర్న చాలాసేపు మాట్లాడాడు. మెల్లగా, మర్యాదగా, మధ్యలో ఒకసారి గొంతు సవరించుకుని. గాలి గురించి ఒక్క మాటైనా ఉంటే పట్టుకునేవాళ్ళం. లేదు. సారీ అన్నట్టు వినబడిందని బుల్లబ్బాయి గొణిగాడు. మర్యాదస్తులు ఏ పనికైనా ముందు అలాగే అంటారన్నాడు అప్పన్న. లైను ఆగిపోయింది. ఒప్పుకున్నాడో లేదో మాకు తెలియలేదు.

మార్చి 7

తెల్లవారగానే అందరం పడమటి పంటు మీద చేరాం. జలజ సంచి సర్దుకుని పెట్టె మీద కూర్చుంది. డప్పులవాళ్ళు డప్పులు కాచుకుని నిలబడ్డారు. ఓడ కనబడింది. చాలా పెద్దది, తెల్లగా ఉంది. పడవ దింపితే కనిపించేంత దగ్గరగానే వచ్చింది. వేగం తగ్గిస్తుంది ఇప్పుడు తగ్గిస్తుంది అని ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. వీరవేణి చెయ్యెత్తి ఊపింది, పిల్లలంతా ఊపారు.

అది అలాగే వెళ్ళిపోయింది. పూర్తిగా కనుమరుగయ్యేదాకా ఎవరూ కదల్లేదు. జలజే ముందు లేచి, ఎండెక్కుతోంది ఇళ్ళకి పదండి అంది.

మార్చి 9

పంట్లవాళ్ళందరినీ బడిలో కూర్చోబెట్టి నిజం చెప్పాను. దాచింది లేదు. మీట తిప్పింది నేను, ఇంజినీరు మాట వినంది నేను, తెలిశాక ఆరు రోజులు నోరు మూసుకున్నది నేను అన్నాను. మన పిల్లల పట్టాలు చిత్తు కాగితాలన్నాను. మనకెవరికీ ఇంగ్లీషు రాదు, నాకు అసలే రాదన్నాను. కొడతారేమో అనుకున్నాను, కొడితే బాగుండుననే వెళ్ళాను.

ఎవరూ కొట్టలేదు. అప్పన్న లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. బాధలో మనిషి ఏవేవో అనుకుంటుంది, టీచరమ్మని ఎవరూ ఏమీ అనొద్దన్నాడు. పద్నాలుగేళ్ళు నూటికి నూరుమందినీ పాస్ చేయించిన మనిషి అన్నాడు. వెనక నుంచి ఒకాయన, పిల్ల అంత చక్కగా చెబితే ఆ డాక్టరుకి అర్థం కాకపోవడమేమిటి, అసలు అతనికి ఇంగ్లీషు వచ్చా అన్నాడు. ఆ మాట ఒక్కొక్కరి మొహం మీద నుంచి పాకడం చూశాను. బుల్లబ్బాయి ఆ రోజు మాటలన్నీ రికార్డు చేశాడు. అది మేడమ్‌కి వినిపిద్దామంటే వద్దని అతను రెండుసార్లు చెప్పాడు. అయినా తెచ్చి వినిపించారు.

మేడమ్ శ్రద్ధగా విని మార్కుల కాగితం అచ్చేసింది. జాలి మీట తొమ్మిది మీదే ఉంది, అంత జాలి చూపించినా డాక్టరుకి పదకొండు మార్కులొచ్చాయి.

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు, రెండు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టు. వీరవేణి ముందుకొచ్చి ఆ కాగితం రెండు చేతులతో పట్టుకుని చూసుకుంది.

"పదకొండు మార్కులోడు నా పిల్ల గుండె కోత్తాడా? తీసుకెల్లకపోడమే మంచిదయ్యింది. నా పిల్ల నా కళ్ళ ముందే ఉంటాది."

మార్కుల కాగితం మీద టీచరు సంతకం ఉండాలి, లేకపోతే చెల్లదు. అది నేను పెట్టిన నియమమే. వీరవేణి కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. నేను కలం ముట్టుకోలేదు. ఇది అబద్ధమే, నా మాట వినవే అని చెల్లెల్ని బతిమాలాను. ఆమె కాగితం వైపే చూస్తోంది.

జలజ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఒక్కొక్క మాటకీ ఊపిరి తీసుకుంటూ, నాకు మాత్రమే వినబడేలా అంది:

"సంతకం పెట్టెయ్యి పెద్దమ్మా. అమ్మ మూడ్రోజులయ్యింది అన్నం ముట్టి."

పెట్టాను. కింద తేదీ కూడా వేశాను.